రోజుకి ఒక్క బిళ్ళే, దాని పక్కన ఏం వేసుకుంటున్నాం? – నా అనుభవం

ఏఆర్‌టీ సెంటర్‌లో, అంటే హెచ్ఐవీ మందులు ఉచితంగా ఇచ్చే ప్రభుత్వ కేంద్రంలో, కొత్తగా కనిపించే ప్రతివాళ్ళకీ నేను మొదట చెప్పే మాట ఇది. మీరు ఇంట్లో వాడే మందులన్నీ ఒక కవరులో వేసుకుని పట్టుకురండి. షుగర్ బిళ్ళ, గ్యాస్ సిరప్, మోకాళ్ళ నొప్పికి ఆర్‌ఎంపీ గారు కట్టిచ్చిన పొట్లం, బలానికని కొనుక్కున్న టానిక్, ఏదీ వదలొద్దు. హెచ్ఐవీకి ఇప్పుడు ఇస్తున్న మందు వాడడం తేలిక, రోజుకి ఒక్క బిళ్ళ. దాని పక్కన ఇంకేం వేసుకుంటున్నామన్న దగ్గరే జాగ్రత్తంతా ఉంది. ఏం వేసుకుంటున్నామో మనం చెప్పకపోతే డాక్టరు గారికి తెలిసే దారి లేదు.

నాది కోనసీమ. కొబ్బరి కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. యాభై దాటాయి. 2015లో జ్వరం ఎంతకీ తగ్గక, మనిషిని సగమైపోయినప్పుడు పరీక్ష చేశారు, పాజిటివ్ అన్నారు. రోగాల్ని ఎదిరించే సీడీ ఫోర్ కణాలు రెండొందలు దాటి కాస్త ఉన్నాయి. మామూలుగా ఐదొందల పైనే ఉండాలట. మా ఆవిడకి అదే రోజు పరీక్ష చేశారు, నెగెటివ్ వచ్చింది. ఇప్పటికీ నెగెటివే. ఇంట్లో నా సంగతి ఆవిడకి ఒక్కదానికే తెలుసు. మా అత్తగారు నేను వేసుకునేదంతా షుగర్‌కే అనుకుంటారు, ఆవిడని అలాగే అనుకోనిచ్చాం.

అమలాపురం మాకు దగ్గర. అయినా తెలిసినవాళ్ళు ఎదురుపడతారని కాకినాడ పేరు రాయించుకున్నాను. ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వారధి దాటి, యానాం మీదుగా బస్సు. మాలో చాలామంది ఇలాగే పక్క ఊరి సెంటర్‌కి వెళ్తారు. దూరం వెళ్ళడంలో తప్పేం లేదు గానీ, ఒక చిక్కుంది. ఊళ్ళో జ్వరానికి చూసే డాక్టరుకి ఈ మందు సంగతి తెలియదు, అక్కడి డాక్టరుకి ఊళ్ళో వేసుకునే బిళ్ళల సంగతి తెలియదు. రెండు చోట్లా ఉండేది మనం ఒక్కళ్ళమే.

మొదట్లో నాకిచ్చింది టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ మూడూ కలిసిన బిళ్ళ. రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి, నూనె, నెయ్యి ఎక్కువున్న భోజనం చేసిన వెంటనే వేసుకోకూడదు. కొవ్వుతో పాటు వెళ్తే ఎఫావిరెంజ్ ఒంట్లోకి ఎక్కువగా ఎక్కుతుంది, తల మరీ తిరుగుతుంది. మొదటి వారాల్లో అర్ధరాత్రి లేచి నిలబడితే నది దాటే పంటు మీద నిలబడ్డట్టు కాళ్ళ కింద నేల ఊగేది. కలలైతే చెప్పలేను. చనిపోయిన మా నాన్నగారు కొట్లోకి వచ్చి లెక్క అడిగేవారు, నేను చూపించేవాణ్ణి, అంకెలతో సహా పొద్దున్న గుర్తుండేవి. కౌన్సిలర్ మేడమ్ గారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి భయపడలేదు. కొన్ని వారాలకి అన్నీ సర్దుకున్నాయి. అందరికీ అలా సర్దుకోవు. కొందరికి దిగులు పట్టుకుని వదలదు, అలాంటప్పుడు మందు మార్చాల్సిందే. మనసు బాగోలేదన్నది కూడా సైడ్ ఎఫెక్టే. వాంతులైతే ఎలా చెప్తామో అదీ అలాగే చెప్పాలి.

క్యూలో నాకంటే ముందు నుంచీ వాడుతున్న పెద్దవాళ్ళు కనిపిస్తారు. మన దేశంలో ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో ఇచ్చిన స్టావుడిన్ వాడినవాళ్ళకి బుగ్గల్లో కొవ్వు కరిగి దవడలు లోపలికి పోయాయి, అరికాళ్ళు మంటలు. జిడోవుడిన్‌తో కొందరికి రక్తం పడిపోయేది, గోళ్ళు నల్లబడేవి. నెవిరాపిన్‌తో ఒళ్ళంతా దద్దుర్లు రావచ్చు కాబట్టి మొదటి రెండు వారాలూ సగం డోసే ఇచ్చేవారు. ఆ బుగ్గలు చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. వాళ్ళు ఆ మందులతోనే బతికి చూపించారు. మన గోదావరి జిల్లాలు రెండూ అప్పట్లో రాష్ట్రంలో ఈ జబ్బు ఎక్కువున్న చోట్లలో లెక్క. ఎన్ని ఇళ్ళు ఎలా అయిపోయాయో మా తరానికి తెలుసు.

2021లో నా బిళ్ళ మార్చారు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300 అలాగే ఉంచి, ఎఫావిరెంజ్ తీసేసి డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు పెట్టారు. సెంటర్‌లో అందరూ టీఎల్‌డీ అంటారు. హెచ్ఐవీ మన కణంలోకి దూరాక తన జన్యు సమాచారాన్ని డీఎన్ఏగా మార్చుకుంటుంది. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ మార్పిడిని ఆపుతాయి. అలా తయారైన డీఎన్ఏని మన కణం డీఎన్ఏలో అతికించడానికి వైరస్‌కి ఇంటిగ్రేజ్ అనే ఎంజైమ్ కావాలి. డోలుటెగ్రావిర్ దాన్ని అడ్డుకుంటుంది. ఈ మందుకి వైరస్ అంత తేలిగ్గా లొంగకుండా పోదని, తలతిరుగుడు కూడా తక్కువని చెప్పి మార్చారు.

మారుస్తామన్న రోజునే కవరు తెమ్మన్నారు. మందులిచ్చే అమ్మాయి చిన్నపిల్ల, మా పెద్దమ్మాయి వయసుంటుంది.

“బాబాయి గారూ, కవరిలా ఇవ్వండి” అని మొత్తం బల్ల మీద కుమ్మరించింది.

మెట్‌ఫార్మిన్ షీటు. కాల్షియం డబ్బా. గులాబీ రంగు గ్యాస్ సిరప్. కత్తెరతో అడ్డంగా కోసిన ముక్కలు రెండు. మన మెడికల్ షాపుల్లో నాలుగు బిళ్ళలు అడిగితే కోసిస్తారు కదా, పేరు అవతలి ముక్క మీదే ఉండిపోతుంది. ఒకదాని మీద చివరి ‘ఫెనాక్’ అన్నది మాత్రం మిగిలింది. ఆ పిల్ల దాన్ని వెలుగుకి పట్టుకుని తిప్పి చూసి, “ఇది డైక్లోఫెనాక్ బాబాయి గారూ, ఎవరిచ్చారు?” అంది. రెండోదాని మీద తయారీ తేదీ తప్ప ఏమీ లేదు. “పేరు తెలియని బిళ్ళ వేసుకోవద్దు” అని పక్కన పెట్టేసింది. తర్వాత మిగిలినవాటిని మూడు చోట్ల సర్ది, డాక్టరు గారిని పిలిచింది.

ముందు గ్యాస్ సిరప్ సంగతి. జెలూసిల్, డైజీన్ లాంటి మందుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. డోలుటెగ్రావిర్ వైరస్ ఎంజైమ్‌లో ఉన్న మెగ్నీషియంని పట్టుకునే దాన్ని పని చెయ్యనివ్వదట. అదే గుణం వల్ల పొట్టలో ఈ లోహాలు ఎదురుపడినా వాటిని పట్టుకుంటుంది. అప్పుడది రక్తంలోకి ఎక్కదు. బిళ్ళ మింగినట్టే ఉంటుంది, మందు మాత్రం ఒంటికి అందదు. అందుకని గ్యాస్ సిరప్ తాగడానికి రెండు గంటల ముందే ఈ బిళ్ళ వేసుకోవాలి, లేదా సిరప్ తాగాక ఆరు గంటలు ఆగాలి. పాత ఎఫావిరెంజ్‌తో ఈ ఇబ్బంది లేదు, నేను ఏళ్ళ తరబడి రాత్రి భోజనం అయ్యాక సిరప్ తాగి, పడుకునేటప్పుడు బిళ్ళ వేసుకునేవాణ్ణి. కొత్త బిళ్ళతో అది కుదరదు. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ బిళ్ళలతో డోలుటెగ్రావిర్‌కి తగువు లేదు. ఈ తేడా చాలామందికి తెలియదు. మెడికల్ షాపులో ‘గ్యాస్‌కి ఏదైనా ఇవ్వండి’ అంటే ఏదిస్తారో వాళ్ళ ఇష్టం కదా, మనమే పేరు చెప్పి అడగాలి.

కాల్షియం, ఐరన్, జింక్ ఉన్నవాటికీ అదే లెక్క. రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత. అయితే కాల్షియం, ఐరన్ విషయంలో ఒక సడలింపుంది. భోజనంతో పాటైతే వాటిని టీఎల్‌డీతో కలిపి వేసుకున్నా పర్వాలేదు, ఖాళీ కడుపుతో కలిపి వేసుకుంటేనే చిక్కు. ఇది గర్భంతో ఉన్న ఆడపిల్లలు బాగా తెలుసుకోవాలి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఐరన్, కాల్షియం బిళ్ళలు ఇచ్చి వెళ్తుంది, వాటిని వేసుకోవాల్సిందే, మానకూడదు. కానీ కడుపులో బిడ్డకి వైరస్ సోకకుండా కాపాడేది డోలుటెగ్రావిర్ ఉన్న ఈ బిళ్ళే. అందుకే ఏది ఎప్పుడు వేసుకోవాలో సెంటర్‌లో అడిగి రాయించుకోవాలి. బలానికని వాడే మల్టీవిటమిన్లలోనూ ఐరన్, జింక్ ఉంటాయి, డబ్బా వెనక చదివితే తెలుస్తుంది.

నాకు కాల్షియం ఎందుకిచ్చారంటే, టెనోఫోవిర్ ఎముకల గట్టిదనాన్ని కొంత తగ్గిస్తుంది, నా మోకాళ్ళూ అంతంతమాత్రమే. ఒక బిళ్ళలో ఒక మందు ఎముక మీద పడుతుంది, దానికని కాల్షియం వేసుకుంటే అదే బిళ్ళలోని ఇంకో మందుకి అడ్డం వస్తుంది. ఇలాంటివి ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తేలేవి కావు. డాక్టరు గారు కాగితం తీసుకుని పొద్దున్న టిఫిన్‌తో టీఎల్‌డీ, మధ్యాహ్నం భోజనంతో కాల్షియం, అవసరమైతే రాత్రి గ్యాస్ సిరప్ అని రాసిచ్చారు. బిళ్ళని రాత్రి నుంచి పొద్దుటికి మార్చడంతో అన్నీ దానంతట అవే ఎడంగా జరిగిపోయాయి. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. డోలుటెగ్రావిర్‌తో కొందరికి నిద్ర పట్టదు, తలనొప్పి, వికారం ఉంటాయి. పొద్దున్న వేసుకుంటే నిద్ర ఇబ్బంది తగ్గుతుంది. నాకు మొదటి వారాల్లో తెల్లవారుజామునే మెలకువ వచ్చేసేది, తర్వాత పోయింది.

మెట్‌ఫార్మిన్ దగ్గర డాక్టరు గారు ఎక్కువసేపు ఆగారు. నేను పొద్దున్న 1000, రాత్రి 1000 వాడుతున్నాను. అన్నం తినే ఊరు మాది, షుగర్ లేని ఇల్లు వెతుక్కోవాలి. డోలుటెగ్రావిర్ వాడుతుంటే మెట్‌ఫార్మిన్ కిడ్నీల ద్వారా బయటికి పోవడం తగ్గుతుంది. దాంతో రక్తంలో దాని మోతాదు 80 శాతం దాకా పెరగొచ్చు. అంటే నేను రెండు వేలు మింగితే ఒంట్లో మూడు వేల ఆరొందల దాకా మింగినంత ప్రభావం. విరేచనాలు, కడుపులో తిప్పడం, కిడ్నీలు బాగోకపోతే అంతకంటే ప్రమాదమూ ఉంటుంది. అందుకే ఈ రెండూ కలిసి వాడేవాళ్ళకి రోజు మొత్తానికి మెట్‌ఫార్మిన్ 1000 దాటనివ్వరు. నాకు పూటకి 500 చేసి, లోటు పూడ్చడానికి గ్లిమిపిరైడ్ కలిపారు. గ్లిమిపిరైడ్ వేసుకుని తిండి ఆలస్యం చేస్తే షుగర్ ఒక్కసారి పడిపోతుంది, చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, అందుకే కొట్లో నా గల్లాపెట్టె పక్కన బెల్లం ముక్క ఎప్పుడూ ఉంటుంది. డోలుటెగ్రావిర్ మొదలుపెట్టాక కొందరిలో షుగర్ పెరగడం, బరువు పెరగడం కూడా చూశారట. నేనూ బరువు పెరిగాను. ఒకప్పుడు ‘ఏంటలా అయిపోయావు?’ అన్నవాళ్ళే ‘ఒళ్ళు చేశావే’ అంటుంటే మా ఆవిడకి సంతోషం. డాక్టరు గారు మాత్రం నడవమన్నారు. కాలవ గట్టున నడుస్తున్నాను.

ఇక ఆ ‘ఫెనాక్’ ముక్క. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద పడుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు కూడా కిడ్నీల మీదే పడతాయి. రెండూ కలిస్తే, అందులోనూ రోజుల తరబడి వాడితే, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. మా వైపు బస్తాలు మోసేవాళ్ళు, కొబ్బరి దింపు తీసేవాళ్ళు, నాట్లు వేసే ఆడవాళ్ళు రోజూ సాయంత్రం ఒక నొప్పి బిళ్ళ వేసుకుని పడుకుంటారు. అదొక మందని కూడా అనుకోరు. నా బాధంతా అక్కడే. ‘వేరే మందులేమైనా వాడుతున్నారా?’ అని డాక్టరు అడిగితే ‘లేదండీ’ అంటారు, అబద్ధమాడాలని కాదు, అది వాళ్ళ లెక్కలోనే ఉండదు. ‘ఒళ్ళు నొప్పులకి ఏం వేసుకుంటారు?’ అని అడిగితే అప్పుడు చెప్తారు. నాకు పారాసెటమాల్ చాలన్నారు, ఎక్కువైతే వచ్చి కనపడమన్నారు.

కిడ్నీ మాట వచ్చింది కాబట్టి ఇంకో విషయం. బిళ్ళ మారిన కొన్ని వారాలకి షుగర్ కోసం ఊళ్ళో ఒక ప్రైవేటు ల్యాబులో పరీక్షలు చేయిస్తే, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ అంకె 0.9 నుంచి 1.1కి వచ్చింది. అక్కడి డాక్టరు కంగారు పెట్టారు, నాకు టెన్షన్ వచ్చింది. కాకినాడ వెళ్ళి చూపిస్తే, డోలుటెగ్రావిర్ క్రియాటినిన్ బయటికి పోయే ఒక దారిని కొంచెం మూస్తుందని, అంకె కాస్త పెరుగుతుందే తప్ప కిడ్నీ వడపోత నిజంగా తగ్గదని వివరించారు. మొదటి నెలలో కొద్దిగా పెరిగి అక్కడే ఆగుతుంది. ఆగకుండా పెరుగుతూ పోతేనే టెనోఫోవిర్‌ని అనుమానించాలి, మూత్రపరీక్ష చెయ్యాలి. నాది అక్కడే ఆగింది. ఈ సంగతి తెలియని డాక్టరు చెప్పారని బిళ్ళ ఆపేసినవాళ్ళు ఉన్నారు. ఆపే ముందు ఏఆర్‌టీ డాక్టరుని అడగండి. హెపటైటిస్ బి కూడా ఉన్నవాళ్ళైతే మరీను. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ఆ వైరస్‌ని కూడా అణచి ఉంచుతాయి. ఉన్నట్టుండి ఆపేస్తే అది విజృంభించి లివర్‌ని దెబ్బ తీస్తుంది.

నాకు టీబీ రాలేదు, రాకుండా ముందుజాగ్రత్తగా ఆరు నెలలు ఐసోనియాజిడ్, దానితో పాటు బి6 వాడించారు. నాతో పాటు బస్సులో వచ్చే ఒక తమ్ముడికి వచ్చింది. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్‌ని ఒంట్లో తొందరగా విరిచేస్తుంది. అందుకని అతనికి పొద్దున్న టీఎల్‌డీ, పన్నెండు గంటల తర్వాత విడిగా ఇంకో డోలుటెగ్రావిర్ 50 ఇచ్చారు. రిఫాంపిసిన్ ఆపేశాక కూడా రెండు వారాలు ఆ రెండో బిళ్ళ వేసుకోవాలి. టీబీ మందు ఊళ్ళో పీహెచ్‌సీలో, ఇది కాకినాడలో. రెండు చోట్లా చెప్పకపోతే ఆ రెండో బిళ్ళ ఎవరిస్తారు? ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ కూడా ఇలాగే డోలుటెగ్రావిర్‌ని తగ్గించేస్తాయి. ఫిట్స్ బిళ్ళలు చిన్నప్పటి నుంచీ వాడేవాళ్ళకి అవి అన్నంలో ఉప్పంత అలవాటు, ప్రత్యేకంగా చెప్పాలని తోచదు.

సెకండ్ లైన్ మందులు, అంటే మొదటి మందులు పనిచెయ్యనప్పుడు మార్చి ఇచ్చేవి, వాడేవాళ్ళ లెక్క వేరు. అటజనావిర్, రిటోనావిర్ వాడేవాళ్ళకి కళ్ళు పచ్చబడొచ్చు. అది చాలాసార్లు మందు వల్ల వచ్చే రంగే, లివర్ పాడవడం కాదు, అయినా చూపించుకోవాలి. పచ్చకామెర్లని భయపడి పసరు పోయించుకోవడానికి పరిగెత్తకూడదు. వాళ్ళకి పాంటాప్రజోల్ పడదు, ఎందుకంటే అటజనావిర్ కరగడానికి పొట్టలో పులుపు కావాలి. రిటోనావిర్ ఉన్నప్పుడు మైగ్రేన్‌కి వాడే ఎర్గొటమిన్ చాలా ప్రమాదం, రక్తనాళాలు బిగుసుకుపోతాయి. మోకాలికి పొడిచే కొన్ని స్టెరాయిడ్ ఇంజక్షన్లు కూడా ఒంట్లో నెలల పాటు నిలిచిపోయి ముఖం ఉబ్బిపోయేలా చేస్తాయి.

పథ్యం గురించి అందరూ అడుగుతారు. చేపలు తినొచ్చా, వంకాయ తినొచ్చా, గోంగూర వేడి చెయ్యదా అని. ఈ బిళ్ళకి పథ్యం లేదు, తిన్నాకైనా తినకముందైనా వేసుకోవచ్చు. మద్యం తాగిన రోజు బిళ్ళ వేసుకోకూడదని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. తాగడం ఒంటికి మంచిదని నేననను, కానీ తాగానని బిళ్ళ మానేస్తే వైరస్‌కే లాభం. వేళ తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి డోసు వేళ దగ్గర పడితే మాత్రం వదిలెయ్యాలి, రెండు కలిపి వేసుకోకూడదు.

బయట డాక్టర్లకి ఎలా చెప్పాలన్నది నాకు పట్టిన గొప్ప చిక్కు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో పంటికి చూపించుకోవడానికి వెళ్ళి చెప్పాను. లోపల ఏదో మాట్లాడుకుని, పరికరం పాడైందని పంపించేశారు. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. హెచ్ఐవీ ఉందని వైద్యం నిరాకరించడాన్ని చట్టం నిషేధించింది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మన సమ్మతి లేకుండా మన సంగతి బయటపెట్టడం కూడా అది ఒప్పుకోదు. ఇదంతా తెలుసు, అయినా ప్రతి చోటా చట్టం చేతపట్టుకుని నిలబడే ఓపిక అందరికీ ఉండదు.

కౌన్సిలర్ మేడమ్ గారు నాకు ఒక దారి చెప్పారు. జబ్బు పేరు చెప్పలేకపోతే మందు పేరు చెప్పండి, అన్నారు. ‘నేను రోజూ డోలుటెగ్రావిర్, టెనోఫోవిర్, లామివుడిన్ వాడుతున్నానండీ, మీరు రాసే మందు వీటితో పడుతుందా చూడండి’ అనాలి. చదువుకున్న డాక్టరుకి అర్థమైపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకి ఏమీ అర్థం కాదు. ఆ మూడు పేర్లూ చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నాను. ఇప్పుడు షుగర్ డాక్టరు గారికి తెలుసు, చాలా మర్యాదగా చూస్తారు. ఆర్‌ఎంపీ గారికి మాత్రం చెప్పలేదు. ఊరంతా ఆయన దగ్గరికే వస్తారు కాబట్టి అక్కడ నాకు ధైర్యం చాలదు. ఆయన రాసిన చీటీ ఫొటో తీసి సెంటర్‌లో అమ్మాయికి చూపించి, ఆమె ఊఁ అన్నాకే వేసుకుంటాను.

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష ఏడాదికోసారి చేస్తున్నారు. నా కాగితం మీద ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వస్తోంది. ఆ కాగితం మొదటిసారి వచ్చిన రోజు డాక్టరు గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, వైరస్ ఇలా కనపడనంత తక్కువలో నిలిచి ఉన్నంత కాలం శారీరక సంబంధం ద్వారా భార్యకి సోకదని చెప్పారు. చెన్నై, పుణెల్లోని జంటలు కూడా పాల్గొన్న అధ్యయనంలో, మందులు త్వరగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లోనే తేలిందట. ఆ తర్వాత వైరస్ కనపడని స్థితిలో ఉన్న జంటల మీద చేసిన పరిశోధనల్లో వాళ్ళ నుంచి భాగస్వామికి ఒక్కరికీ సోకలేదట. మా ఆవిడ ఆయన చెప్పినంతసేపూ తల వంచుకుని విని, బయటికొచ్చాక “మరి ఇన్నాళ్ళూ ఎందుకండీ అంత దూరంగా ఉన్నారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితం అలా రావాలంటే బిళ్ళ ఒంటికి అందాలి. గ్యాస్ సిరప్ గురించి, కాల్షియం గురించి ఇంత వివరంగా రాయడం అందుకే.

బిళ్ళల డబ్బా గురించి కూడా చెప్పాలి. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, ముప్ఫై బిళ్ళలు, తేమ పీల్చే చిన్న పొట్లం లోపల ఉంటుంది. బస్సులో సంచీ కదిలితే గలగలమంటుంది. ఆ చప్పుడుకి భయపడి చాలామంది బస్టాండులోనే బిళ్ళలు కాగితంలో పోసుకుని డబ్బా పారేస్తారు. అలా చెయ్యకండి, మన కోనసీమ తేమకి బిళ్ళలు పాడవుతాయి. పైన ఉన్న చీటీ చింపెయ్యండి, పొట్లం లోపలే ఉంచండి, మూత కింద కాస్త దూది కుక్కితే చప్పుడు రాదు.

కరోనా లాక్‌డౌన్‌లో మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చారు, అప్పటి నుంచీ నిలకడగా ఉన్నవాళ్ళకి అలా ఇవ్వడం అలవాటైంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంక ఊళ్ళవాళ్ళు రోజుల తరబడి పడవల మీదే ఆధారపడ్డారు. మా సెంటర్‌కి వచ్చే లంక ఊరి పెద్దాయన ఒకరు పాసుపుస్తకంతో పాటు ఈ డబ్బా కూడా పాలిథిన్ కవరులో చుట్టి నడుముకి కట్టుకుని పడవెక్కారట. వర్షాకాలం మొదలవుతుండగానే నెల్లాళ్ళ సరుకు ఇంట్లో మిగిలి ఉండేలా తేదీ చూసుకోండి. వేరే ఊళ్ళో చిక్కుకుపోతే అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌లో మీ సెంటర్‌లో ఇచ్చిన చికిత్స పుస్తకం (గ్రీన్ బుక్) చూపించండి, తిరిగి వచ్చేదాకా సరిపడా ఇస్తారు. ఎక్కడ సెంటరుందో తెలియకపోతే 1097కి ఫోన్ చెయ్యండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు.